తరుగు

బాదేపల్లి మార్కెట్ యార్డు తుక్కు వేలంల
మూడు వందల యాభైకి దొరికింది ఈ టీవీ.
ముందు బరువు, ఎన్క గూని.
ఇద్దరం పట్టి లేపితె గని ఆటో ఎక్కలే.

పదకొండేండ్లు కమిటీ ఆఫీసు గోడకుండి
ఒక్కటే ముచ్చట చూపిచ్చింది:
పల్లికాయ. క్వింటాలుకు.
అంకెలు దినాం మారినయి,
ఒక్కటన్న అద్దం మీద నిలువలే.
ఆ రెండు మాటలు మాత్రం
మారక మారక
లోపలి పూతను కాల్చుకోని కూసున్నయి.
స్విచ్ తీసినంక గుడ కనవడ్తయి,
క్యాలెండర్ తీసిన గోడ లెక్క.

"గిది ఎవడు కొంటడు?" అన్నడు షఫీ భాయ్.
"అమ్మ. నిలవెడ్త" అన్న.

లారీ బాడీల నుంచి ఊడిన చెక్క తెచ్చిండు.
ఒక పక్క ఇంకా సగం నెమలి ఉన్నది, తోక లేదు.
నడుము కాడికి బల్ల, కండ్ల ముంగట టీవీ,
కొంచెం ఎనుకకు వాలి,
కుర్చీల కునుకు తీసే గుమస్తా తీరు.
నులకమంచం కోడు కోసి చేతికి గుండు చేసిండు.
బటన్లకు నేను కాలింగ్ బెల్లు స్విచ్చులు ఆరు బిగిచ్చిన.
నొక్కితె పిట్ట కూయదు,
విమానం కూలుతది.

ఎన్క మూత ఇప్పినప్పుడు షఫీ చెయ్యి పెట్టవొయ్యిండు.
ఆగు, అన్న.
వైరు పీకి రెండు దినాలైనా
ఆ రబ్బరు టోపీ కింద కోపం పట్టుకోని ఉంటది ఇది.
స్క్రూడ్రైవరుకు తీగ సుట్టి, కొసను ఇనుముకు కట్టి,
ఊపిరి బిగవట్టి మెల్లగ దూర్చిన.
టప్పుమన్నది.
"ఇగ పెట్టు" అన్న.
ఆయన పెట్టలే. బీడి ముట్టిచ్చిండు.

పాత కంప్యూటర్ నుంచి పసుపు పిన్ను ఒకటి,
అంతే, ఆట వచ్చింది.
గని కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టీవీ మర్చిపోతది,
ఒకటో నంబరు చానల్‌కు పొయ్యి
సుర్రుమని ఇసుక పోస్తది.
రిమోట్‌ను డబ్బా లోపల్నే సుతిలితోని కట్టిన.

ఆటకు అయిదు రూపాయలు.
బిళ్ల హార్లిక్సు డబ్బాల పడ్డ చప్పుడుకు
పక్క దుకాణపోళ్లు తలకాయలు తిప్పుతరు.

హమాలీ ఆశన్న ఛాయ్ తాగనీకె వస్తడు.
నలభై ఏండ్ల బస్తాలు మోసి కుడి భుజం దిగిపోయిన మనిషి.
అక్షరం రాదు, అంకె వస్తది.
ఆ రెండు మాటల ఆకారం మాత్రం మస్తు ఎరుక.

నిన్న తండ పిలగాడు లచ్చిరాం
చెమటలు కారంగ ఆడి ఆడి సచ్చిండు.
సచ్చినప్పుడు తెర అరక్షణం నల్లగయితది.
ఆ నలుపుల తేలినయి: పల్లికాయ. క్వింటాలుకు.
ఆశన్న ఛాయ్ గిలాస కింద పెట్టిండు.

"ఇయ్యాల ఎంతరా?"

"పన్నెండు వేల నాలుగు వందలు, తాత."

ముసలాయన ముంగటికొంగి కండ్లు సికిలిచ్చిండు.
"వెయ్యిన్ని రెండు వందల నలభయే ఉన్నది గద."

"ఇంకో సున్న చెక్క ఎన్క ఉన్నది."

"ఓరి మీ పాడుగాను,
ఈడ గుడ తరుగు దీస్తున్నరారా!"

షఫీ పడి పడి నవ్విండు.
పిలగానికి సమజ్ గాలే. ఇంకో అయిదు అడిగిండు.
ఆశన్న భుజం మీది తువ్వాల కొస ఇప్పి
లెక్క పెట్టకుండ ఇచ్చిండు.

రాత్రి షట్టరు సగం దించి మల్ల మూత ఇప్పిన.
అడ్డం సైజు తిప్పే మర ఒకటుంటది,
శనగ గింజంత.
ప్లాస్టిక్ కడ్డీతోని పావు సుట్టు.
బొమ్మ రెండు పక్కల నుంచి ముడుచుకోని
కొంచెం కొంచెం
చెక్క ఎన్కకెళ్లి బయటికొచ్చింది.

చూద్దామని నా అయిదు రూపాయలు నేనే ఏసిన.
ఇరవై ఏండ్ల సంది టీవీలు బాగు చేస్తున్న గని
ఆడుడు నాకు రాదు.
తొంభై కాడ సచ్చిన.

సున్న పూరంగ కనవడ్డది.